1979 ఫాస్ట్‌నెట్ పందెం: మునగని పడవల కథ

పోయిన వసంతంలో మా తొమ్మిదేళ్ళ అమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. మా ఊరి దగ్గరి రిజర్వాయరులో పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతారట, తల్లిదండ్రుల సంతకం కావాలట. ఆ సంతకం పెట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది. సంగతి ఫోనులో విని మా అమ్మ, "గాలీ నీరూ కలిసిన చోట ఆటలేమిట్రా? ఇంత చదువు చదివించింది ఇందుకా?" అని కోప్పడింది. ఆవిడ తప్పేం లేదు. కోస్తా జిల్లాల్లో పుట్టిన వాళ్ళకు సముద్రపు గాలి అనగానే గుర్తుకొచ్చేది తుఫానే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మా ఇంట్లో పెద్దలు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

ఈ దేశంలో తీరు వేరు. మాతో పనిచేసే వాళ్ళలో చాలామందికి సెలవులంటే సముద్రమే. కారు కొనుక్కున్నట్టే ముప్పై అడుగుల పడవ కొనుక్కుని, భార్యాబిడ్డలతో శని ఆదివారాలు అందులోనే గడిపేవారున్నారు. అయితే అలాంటి వారి దగ్గర కూడా "డెబ్భై తొమ్మిది" అంటే చాలు, మాట కాసేపు ఆగిపోతుంది. ఏమిటా సంగతి అని ఆ మూడు వారాలూ దొరికినంత మేరకు చదివాం. చదివాక మా భయం పోలేదు గానీ, దేనికి భయపడాలో తెలిసింది. మన సంఘంలో పిల్లలున్న కుటుంబాలకు, ముఖ్యంగా రాత్రి డ్యూటీలు చేసే వైద్య మిత్రులకు ఇది పనికొస్తుందని తోచి ఇక్కడ రాస్తున్నాం.

ఫాస్ట్‌నెట్ అంటే ఐర్లండు నైరుతి కొసకు దూరంగా సముద్రం మధ్యలో నిలిచిన ఒంటరి రాతిగుట్ట. దాని మీద ఒక దీపస్తంభం ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో పొట్ట చేత పట్టుకుని అమెరికా ఓడ ఎక్కిన ఐరిష్ వాళ్ళకు స్వదేశంలో ఆఖరున కనిపించింది ఈ గుట్టే. అందుకని దీనిని ఐర్లండు కన్నీటి బొట్టు అంటారు. విమానం కిటికీలోంచి మన ఊరి దీపాలు కనుమరుగు కావడం చూసిన వాళ్ళం గనక ఆ పేరు మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండు దక్షిణ తీరాన వైట్ ద్వీపంలోని కౌస్ దగ్గర బయల్దేరి, పడమరగా సాగి, ఈ గుట్టను చుట్టి, సిలీ దీవుల పక్కగా వెనక్కి వచ్చి ప్లిమత్ చేరడం ఆనాటి పందెం. మొత్తం 605 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 1,120 కిలోమీటర్లు. 1925లో మొదటిసారి ఏడు పడవలతో జరిగింది. ఆ ఏడు గెలిచిన పడవ జోలీ బ్రీజ్. ఆ పందెం ముగిశాకే, ప్లిమత్‌లోనే ఓషన్ రేసింగ్ క్లబ్బు పుట్టింది. 1931లో దానికి రాయల్ బిరుదు దక్కింది. తరవాత రోజుల్లో ఇది బేసి సంవత్సరాల్లో, ఆగస్టు నెలలో జరిగే ఆనవాయితీ అయింది.

1979 ఆగస్టు 11, శనివారం. 303 పడవలు కౌస్ నుంచి బయల్దేరాయి. అందులో పెద్ద పడవల వారూ ఉన్నారు. మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ తన మార్నింగ్ క్లౌడ్ మీద, మరుసటి ఏడాది సి.ఎన్.ఎన్. టెలివిజన్ స్థాపించబోయే అమెరికా వ్యాపారి టెడ్ టర్నర్ తన టెనేషియస్ మీద ఉన్నారు. కాని సంఖ్యలో ఎక్కువ కనిపించింది చిన్న పడవలే. ముప్పై, ముప్పై అయిదు అడుగుల పడవల్లో తండ్రీకొడుకులు, అన్నదమ్ములు, ఆఫీసు స్నేహితులు కలిసి వచ్చారు. జీతానికి పడవ నడిపేవారు కారు వీళ్ళు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కొలువు చేసుకుని, ఏడాది సెలవులో ఒక వారాన్ని దీనికి దాచుకున్నవాళ్ళు.

ఆదివారమంతా గాలి సరిగ్గా లేదు, పొగమంచు కూడా కమ్మింది. అదే సమయంలో అట్లాంటిక్ అవతలి గట్టు నుంచి ఒక అల్పపీడనం అతి వేగంగా తూర్పుకు వస్తూ, దారిలో ముదిరి మన భాషలో చెప్పాలంటే వాయుగుండమైంది. సోమవారం, 13వ తేదీ మధ్యాహ్నం రేడియోలో నావికుల వాతావరణ వార్తలు గాలి ఫోర్సు 4, 5 ఉంటుందనీ, కొంతసేపు 6, 7కు పెరగవచ్చుననీ చెప్పాయి. పందెగాళ్ళకు అది సంతోషకరమైన వార్తే. సాయంత్రానికి ఫోర్సు 8 హెచ్చరిక వచ్చింది. ఫోర్సు 10 అన్న మాట వినిపించేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. అప్పటికే చాలా పడవలు బ్రిటన్ కొసకూ ఐర్లండుకూ మధ్యనున్న బయలు సముద్రంలో ఉన్నాయి. దగ్గరలో దూరదగిన రేవు లేదు.

ఈ అంకెల గురించి ఒక మాట. బ్యూఫోర్టు కొలమానంలో 7 అంటే గాలి గంటకు 33 నాట్ల లోపు. 10 అంటే 48 నుంచి 55 నాట్లు, అంటే గంటకు 89 నుంచి 102 కిలోమీటర్లు. నేల మీదైతే చెట్లను వేళ్ళతో పెకలించే గాలి అది. వేగం రెట్టింపయితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందువల్ల 25 నాట్ల గాలిలో హాయిగా పరుగెత్తిన తెరచాప 50 నాట్ల గాలిలో చిరిగి పీలికలవుతుంది, లేదా స్తంభాన్ని విరుచుకు పడుతుంది. అయినా గాలి ఒక్కటే అయితే తెరచాపలు దించుకుని కూర్చోవచ్చు. ప్రాణం తీసింది అలలు. వాయుగుండం దాటుతున్న కొద్దీ గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరిగింది. పాత గాలి లేపిన అలల మీద కొత్త గాలి లేపిన అలలు అడ్డంగా వచ్చి పడ్డాయి. నలభై అడుగుల అలలను చూశామని తిరిగివచ్చినవారు చెప్పారు. ఎత్తయిన అల నున్నగా కిందనుంచి పోతే పడవకు ప్రమాదం లేదు. ఆ అల తల విరిగి, నురగతో పక్కనుంచి మీద పడినప్పుడే పడవ బోర్లా పడుతుంది.

గ్రిమాల్కిన్ అనే ముప్పై అడుగుల పడవలో ఆ రాత్రి ఆరుగురున్నారు. పడవ యజమాని, ఆయన పదిహేడేళ్ళ కొడుకు, నలుగురు స్నేహితులు. ఆయన ప్రతిదీ లెక్కగా, జాగ్రత్తగా చేసే మనిషని పేరు. మంగళవారం తెల్లవారుజామున పడవ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పక్కకు పడింది. లోపల ఎగిరిపడిన వస్తువు తగిలి యజమాని తలకు గాయమైంది. చివరికి ఒక అల పడవను పూర్తిగా తలకిందులు చేసింది. కొన్ని నిమిషాల పాటు అది అలాగే ఉండిపోయింది. నీటి అడుగున హార్నెస్ తాడుతో చిక్కుకున్న యజమానిని విడిపించడానికి ఆ తాడు కోశారు. పడవ మళ్ళీ లేచేసరికి ఆయన దూరంగా కొట్టుకుపోయాడు. కొడుకు కళ్ళముందే తండ్రి కెరటాల్లో కనబడకుండా పోయాడు.

స్తంభం విరిగింది, పడవ సగం నీళ్ళతో నిండింది. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు చలనం లేకుండా పడి ఉన్నారు. వారు చనిపోయారని, పడవ మునిగిపోతోందని నమ్మి, ఆ కుర్రాడు, మరో ఇద్దరు రబ్బరు తెప్పలోకి దిగిపోయారు. వాళ్ళ అదృష్టం బాగుండి హెలికాప్టరు వాళ్ళను పైకి తీసింది.

కాని ఆ ఇద్దరూ చనిపోలేదు. అందులో ఒకడైన నిక్ వార్డు అనే 24 ఏళ్ళ యువకుడికి కొంతసేపటికి స్పృహ వచ్చింది. హార్నెస్ తాడుకు వేలాడుతూ నీళ్ళలో ఉన్నాడు. పదిహేనేళ్ళ వయసులో మెదడులో రక్తస్రావమై, ఒక పక్క బలం తగ్గి, మూర్ఛ మందులు వాడుతున్న మనిషి అతను. పడవ మీదికి పాక్కుంటూ ఎక్కి, రెండో అతన్ని కూడా లాగి, ఊపిరి ఇచ్చి బతికించుకోవడానికి చేయగలిగిందంతా చేశాడు. ఆ స్నేహితుడు కొంతసేపు కళ్ళు తెరిచి, తరవాత కన్నుమూశాడు. ఇక ఆ పగలంతా శవంతో మాట్లాడుతూ, బకెట్టుతో నీళ్ళు తోడుతూ వార్డు ఒంటరిగా గడిపాడు. సాయంత్రం హెలికాప్టరు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు నోరు విప్పక, 2007లో ఆయన ఈ కథను పుస్తకంగా రాశాడు. పేరు "లెఫ్ట్ ఫర్ డెడ్", అంటే చచ్చాడని వదిలేశారు అని.

గ్రిమాల్కిన్ మునగలేదు. తరవాత దాన్ని రేవుకు లాక్కొచ్చారు.

ఈ ఒక్క పడవే కాదు. లెక్కలు చూడండి. బయల్దేరిన 303లో గమ్యం చేరినవి 85. పందెం మానుకుని తిరిగివచ్చినవి 194. మనుషులు వదిలేసినవి 24. ఆ వదిలేసిన 24లో నిజంగా మునిగినవి ఐదు. మిగతా 19 పడవలు మనుషులు లేకుండానే నీటి మీద తేలుతూ కనిపించాయి. పందెగాళ్ళలో చనిపోయినవారు 15 మంది. వారిలో ఏడుగురు తెప్పలకు సంబంధించిన ప్రమాదాల్లోనే పోయారు. ట్రోఫీ అనే పడవను వదిలి ఎక్కిన తెప్ప అలల్లో ఊడి రెండు ముక్కలైంది. ముగ్గురు పోయారు. ఏరియాడ్నీ పడవ వారిలో నలుగురు పోయారు. ఆ రెండు పడవలూ తరవాత తేలుతూ దొరికాయి.

ప్రాణాలు కాపాడతాయని మోసుకెళ్ళిన తెప్పలే ప్రాణాలు తీశాయి, మునుగుతాయని వదిలిన పడవలు మునగలేదు. మేము ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాం.

అలాగని వదిలినవారందరూ పిరికివాళ్ళని అనుకుంటే అన్యాయం. చీకట్లో, నీళ్ళు మోకాలి దాకా వచ్చినప్పుడు, ఏది మునిగే ఐదు పడవల్లో ఒకటి, ఏది తేలే పందొమ్మిదిలో ఒకటి అని ఎవరు చెప్పగలరు? నౌకాదళ హెలికాప్టర్లు, 13 లైఫ్‌బోట్లు, పందేనికి కావలిగా వచ్చిన డచ్చి యుద్ధనౌక ఓవరైసెల్, దారినపోయే సరుకు ఓడలు, చేపల పడవలు అన్నీ కలిసి ఆ రెండు రోజుల్లో వంద మందికి పైగా మనుషుల్ని సముద్రంలోంచి తీశాయి. వాళ్ళు లేకపోతే చావుల లెక్క ఎంతయ్యేదో ఊహించడం కూడా కష్టం.

ఆ ఏడాది డిసెంబరులోనే విచారణ నివేదిక వచ్చింది. తప్పు ఫలానా వారిదని వేలు చూపకుండా, పడవల వారందరికీ ప్రశ్నాపత్రాలు పంపి, వచ్చిన జవాబుల మీద ఆధారపడ్డారు. ఆసుపత్రిలో ఒక మరణం తరవాత మేము కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు కూడా ఇలా జరిగితే ఎంత బాగుండును అనిపించింది. జవాబిచ్చిన పడవల్లో దాదాపు సగం కనీసం ఒకసారి స్తంభం నీటికి సమానంగా వాలేదాకా పడ్డాయి. మూడోవంతు అంతకు మించి దొర్లాయి. మెట్ల దారికి అడ్డంగా పెట్టే చెక్కలు పడవ తలకిందులు కాగానే జారిపోయి, లోపలికి నీళ్ళు వచ్చాయి. హార్నెస్‌ల కొక్కేలు, కుట్లు తెగాయి. ఇలాంటి గాలిలో పడవను ఎలా నడపాలన్న ప్రశ్నకు మాత్రం ఒకే మంత్రం లాంటి జవాబు వాళ్ళకు దొరకలేదు.

పడవల ఆకారం సంగతి కూడా ఆ నివేదికలో వచ్చింది. పందెం లెక్కల్లో లాభం కోసం ఆ రోజుల్లో చిన్న పడవలను తేలికగా, వెడల్పుగా కడుతున్నారు. వెడల్పు పడవ మామూలుగా నిలకడగానే ఉంటుంది. కాని ఒకసారి బోర్లాపడితే అదే వెడల్పు వల్ల బోర్లా కూడా నిలకడగా ఉండిపోతుంది! ప్రతి పడవకూ ఒక కోణం ఉంటుంది. అంతవరకు వాలినా అడుగునున్న బరువు దాన్ని తిరిగి లేపుతుంది, అది దాటితే లేపదు. గ్రిమాల్కిన్‌కు ఆ కోణం సుమారు 117 డిగ్రీలు. దానితో పోల్చడానికి వాళ్ళు ఎంచుకున్న కాంటెసా 32 అనే సన్నని, బరువైన కుటుంబ పడవకు అది 150 డిగ్రీలు దాటి ఉంది. కాంటెసా పూర్తిగా తలకిందులైనా తరవాతి చిన్న అల తగిలితే చాలు, లేచి కూర్చుంటుంది.

అది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. ఆ పందెంలో అతి చిన్న పడవల తరగతి మొత్తంలో గమ్యం చేరింది ఒకే ఒక్కటి. దాని పేరు ఆసెంట్, అది కాంటెసా 32 రకమే. విల్లీ కెర్ అనే ఆయన తన సొంత పడవను కొడుకు ఆలన్‌కు, అతని స్నేహితులకు ఇచ్చి పంపాడు. అది కూడా ఆ రాత్రి పడి లేచింది. కుర్రాళ్ళు దాన్ని వదల్లేదు, అది వాళ్ళను వదల్లేదు. ఆ తరవాత తండ్రి అదే పడవలో గ్రీన్‌లాండు మంచు సముద్రాలకు, అంటార్కిటికాకు కూడా వెళ్ళివచ్చాడు. ఇక అన్ని తరగతుల లెక్కలూ చూసి బహుమతి ఇచ్చింది టర్నర్ గారి టెనేషియస్‌కు. ఆ ఏడు ఎవరు గెలిచారో చాలామందికి గుర్తు లేదు.

ఇప్పుడు వైద్యులుగా మా మాట. ఆ సముద్రం ఆగస్టులో కూడా సుమారు 15, 16 డిగ్రీల సెల్సియస్ మించదు. నీరు మన ఒంటి వేడిని గాలి కన్నా దాదాపు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే వణుకు, వేళ్ళ తిమ్మిరి, మాట తడబాటు వస్తాయి. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆలోచన. తెప్పలోకి దిగాలా, పడవలోనే ఉండాలా అన్న నిర్ణయం తీసుకోవలసిన సమయంలో ఆ నిర్ణయం తీసుకునే యంత్రమే చల్లబడి ఉంటుంది. 32 దిగువకు వస్తే వణుకు ఆగిపోతుంది, స్పృహ మసకబారుతుంది. 28 దిగువన నాడి దొరకడమే కష్టం, ఊపిరి కనిపించదు. అనుభవం ఉన్న డాక్టరు వెచ్చని గదిలో, యంత్రాల సాయంతో కూడా పొరపడవచ్చు. అలాంటప్పుడు మొద్దుబారిన వేళ్ళతో, ఎగిరిపడే పడవలో ఆ ముగ్గురు కుర్రాళ్ళు నాడి పట్టుకోలేకపోయారని తప్పు పట్టడానికి మేమెవరం?

మేమే ఒకసారి పొరపడబోయాం. శిక్షణలో ఉన్న రోజుల్లో, చలికాలంలో ఒక తెల్లవారుజామున, కాలువ గట్టున దొరికిన వృద్ధుణ్ణి అత్యవసర విభాగానికి తెచ్చారు. నాడి అందలేదు, కనుపాపలు కదల్లేదు. కాగితం మీద సమయం రాయడానికి కలం తీశాం. పక్కనున్న సీనియరు నర్సు మెల్లగా, "డాక్టర్, ఆయన ఇంకా చల్లగా ఉన్నారు" అంది. అంతే. కలం జేబులో పెట్టి, వెచ్చచేయడం మొదలుపెట్టాం. మూడు గంటల తరవాత మానిటరు మీద గీత కదిలింది. పదకొండు రోజులకు ఆయన తన కాళ్ళ మీద ఇంటికి వెళ్ళాడు. వెచ్చబడ్డాక కూడా చలనం లేకపోతేనే మరణం అని పాఠంలో చదువుకున్నదే, కాని ఆ నర్సు నోట విన్నాకే మాకు వంటబట్టింది. 1999లో నార్వేలో మంచు కింద చిక్కుకున్న ఆన్నా బోగెన్‌హోమ్ అనే యువ వైద్యురాలి ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. ఆమె కోలుకుని మళ్ళీ ఆసుపత్రి ఉద్యోగంలో చేరింది. గ్రిమాల్కిన్ మీద వదిలివేయబడ్డ వార్డు కథ చదివినప్పుడు మాకు ఆ వృద్ధుడి చెయ్యే గుర్తుకొచ్చింది.

నీళ్ళలో చాలాసేపు ఉన్నవారిని నిలువునా పైకి ఎత్తితే రక్తపోటు హఠాత్తుగా పడిపోయి గుండె ఆగవచ్చుననీ, వీలైతే పడుకోబెట్టినట్టు అడ్డంగా ఎత్తాలనీ కూడా ఈ శాస్త్రం మనకు నేర్పింది. తీరప్రాంత ఆసుపత్రుల్లో పనిచేసే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి.

1979 తరవాత పందెం ఆగిపోలేదు, మారింది. ప్రతి పడవలో వి.హెచ్.ఎఫ్. రేడియో తప్పనిసరి అయింది. ముందుగా ఇతర పందేల్లో అనుభవం గడించినవారినే రానివ్వడం మొదలైంది. హార్నెస్‌లు, తెప్పలు, మెట్ల దారి చెక్కలు, పడవల నిలకడ, అన్నిటికీ నియమాలు బిగించారు. 2007లో గాలివాన సూచన చూసి, చరిత్రలో మొదటిసారి ఆరంభాన్ని ఒక రోజుకు పైగా వాయిదా వేశారు. అయినా బయల్దేరిన 271 పడవల్లో రెండు వందలకు పైగా మధ్యలోనే తిరుగుముఖం పట్టాయి. ఒక్కరూ చనిపోలేదు. వెనక్కి తిరగడాన్ని ఓటమిగా ఎవరూ రాయలేదు. 2021 నుంచి పందెం ప్లిమత్‌లో కాక ఫ్రాన్సులోని షెర్‌బూర్‌లో ముగుస్తోంది. తండ్రిని పోగొట్టుకున్న ఆ పదిహేడేళ్ళ కుర్రాడు సముద్రాన్ని వదలలేదు. పెద్దయి, పడవల గురించి రాసే పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నాడు.

సరే, మా కాగితం సంగతి. చివరికి మా ఇద్దరిలో ముందు సంతకం పెట్టింది మా ఆవిడ. "పిల్లను నీళ్ళకు దూరంగా ఉంచుతాం సరే, పెద్దయ్యాక ఎవరి పడవలోనో ఏమీ తెలియకుండా ఎక్కితే?" అంది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

మొదటి పాఠం నాడు గట్టు మీద నిలబడి చూశాం. పిల్లలకు తెరచాప ఎత్తడం నేర్పుతారనుకున్నాం. అలా కాక, లైఫ్‌జాకెట్లు తొడిగించి, ఒక్కొక్కరినీ పడవలో కూర్చోబెట్టి, కావాలని పడవను బోర్లా పడేయించారు. మా గుండె ఆగినంత పనైంది. మా అమ్మాయి నీళ్ళు ఉమ్ముకుంటూ పైకి తేలింది. గట్టు మూడే గజాల దూరంలో ఉంది. అటు ఈదబోయింది. నేర్పే ఆవిడ గట్టు మీంచి, "పడవ వదలకు! పడవ పట్టుకునే ఉండు!" అని అరిచింది. పిల్ల వెనక్కి తిరిగి పడవ అంచు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఫోను చేసి మా అమ్మకు ఇదంతా చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "తల సరిగ్గా తుడిచావా? జలుబు చేస్తుంది" అంది.